ఎండాకాలంలో అమ్మకి ఆయాసం ఎక్కువవుతోంది, చెన్నైలో సీఓపీడీ, ఆస్తమా ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

వేళచ్చేరి_పద్మ

అందరికీ నమస్తే అండీ. మా అమ్మకి 66 ఏళ్లు, సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు దెబ్బతిని గాలి సరిగ్గా ఆడని జబ్బు. సిగరెట్ వాసన కూడా పడదు ఆవిడకి, కానీ కందుకూరు పక్కన మా ఊళ్లో పెళ్లైన దగ్గర్నుంచీ కట్టెల పొయ్యి మీదే వంట, దానికి తోడు పొగాకు సీజన్ వస్తే ఆకు కాల్చే బ్యారన్ దగ్గర పని, ఆ పొగంతా అన్నేళ్లు పీల్చినందుకే ఊపిరితిత్తులు ఇలా అయ్యాయని స్పైరోమెట్రీ (ఊది చూసే ఊపిరితిత్తుల పరీక్ష) చేసిన డాక్టర్ చెప్పారు. నాన్న పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నా. వేళచ్చేరిలో ఉంటున్నాం, అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు, మా నెత్తి మీద టెర్రస్ స్లాబే.

చలికాలం జాగ్రత్త, వానాకాలం జాగ్రత్త అని అందరూ చెప్పారు గానీ ఎండాకాలం గురించి ఎవరూ చెప్పలేదు. ఈ కత్తిరి ఎండలు (మే నెల మండుటెండల్ని ఇక్కడ అలా అంటారు) మొదలైన దగ్గర్నుంచి అమ్మ బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా రొప్పుతోంది. జ్వరం లేదు, దగ్గు మామూలే, గళ్ల తెల్లగానే ఉంది కానీ బాగా చిక్కబడిపోయింది, ఎంత దగ్గినా ఊడి రావట్లేదు అంటోంది. రాత్రిళ్లు ఉక్కపోతకి నిద్ర లేదు, లేచి మంచం మీద కూర్చుని ముందుకి వంగి ఊపిరి తీసుకుంటోంది, చూస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ మామూలుగా 93, 94 ఉండేది ఇప్పుడు 91, 92 చూపిస్తోంది.

వాడే ఇన్హేలర్లు ఫోరాకార్ట్ పొద్దున రాత్రి, టియోవా రోజుకోసారి, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి అస్థాలిన్. కాళ్ల వాపుకి లాసిక్స్ (ఒంట్లో నీరు తీసేసే మాత్ర) ఉంది. ఈమధ్య అస్థాలిన్ మాటిమాటికీ తీసుకుంటోంది.

అసలు సమస్య ఏంటంటే ఇంట్లో తలో మాట చెప్తున్నారు. ఏసీ ఉంది, అమ్మ వేయనివ్వదు, ఏసీ గాలికి రొమ్ము పట్టేస్తుంది అంటుంది, మా ఆడపడుచూ అదే మాట. ఎదురింటి మామి కూలర్ కొనమంటోంది. నీళ్లు బాగా తాగించమని ఒకరు, కాళ్ల వాపు ఉంది కాబట్టి తగ్గించమని ఇంకొకరు. ఇప్పుడు వడియాల సీజన్, ఆవకాయ సీజన్ కూడానూ, వద్దంటే వినదు, మిట్టమధ్యాహ్నం టెర్రస్ మీదకెళ్లి వడియాలు తిరగేసి వస్తుంది. మా అన్నయ్యేమో ఊళ్లో అయితే చెట్టు గాలికి హాయిగా ఉంటుంది పంపించెయ్ అంటాడు, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో ఆయాసం మనిషిని అక్కడికి ఎలా పంపను? మీ ఇళ్లల్లో ఇలాంటి పెద్దవాళ్లు ఉంటే మీరేం చేస్తున్నారో చెప్పండి ప్లీజ్.

చిత్తూరు_సిస్టర్

పద్మగారూ, నేను చెన్నైలోనే ఒక ఆస్పత్రిలో చెస్ట్ వార్డులో స్టాఫ్ నర్సుని. మే నెలలో మా వార్డుకి మీ అమ్మగారిలాంటి వాళ్లు చాలామందే వస్తారు, జ్వరం ఉండదు, ఇన్ఫెక్షన్ ఉండదు, ఒట్టి వేడికే ఆయాసం ముదిరి వస్తారు.

మిగతావన్నీ తర్వాత, ముందు ఒకటి చెప్తా. పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటే తగ్గడం, కాళ్ల వాపు, ఆక్సిజన్ రెండు పాయింట్లు పడిపోవడం, ఈ మూడూ కలిసి ఉన్నాయి కదా, ఇది ఊపిరితిత్తుల వల్లే అని ఇంట్లో కూర్చుని అనుకోకండి, గుండె వైపు నుంచి కూడా ఇలాగే వస్తుంది. ఇంకో నెల ఎండలు తగ్గేదాకా ఆగుదాం అనుకోవద్దు, రేపో ఎల్లుండో చూపించండి. అస్థాలిన్ వాడకం పెరుగుతోంది అంటేనే జబ్బు కంట్రోల్ తప్పుతోందని అర్థం, రోజుకి ఎన్నిసార్లు తీసుకుంటోందో కాగితం మీద రాసి ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు వేడికి ఆయాసం ఎందుకొస్తుందో చెప్తా, అది తెలిస్తే ఇంట్లో అందరి నోళ్లూ మూయించొచ్చు. ఒళ్లు వేడెక్కితే ఆ వేడిని బయటికి పంపడానికి గుండె రక్తాన్ని చర్మం వైపుకి ఎక్కువ తోస్తుంది, దానికి గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగం కూడా పెరుగుతుంది. మనకైతే ఏం కాదు. సీఓపీడీ వాళ్లకి లోపలి గాలి బయటికి పోవడానికే టైం పడుతుంది, ఊపిరి వేగం పెరిగేసరికి పాత గాలి పోకముందే కొత్త గాలి తీసుకోవాల్సి వస్తుంది, దిగేవాళ్లు దిగకుండానే ఎక్కేవాళ్లు ఎక్కేస్తే బస్సు ఎలా కిక్కిరిసిపోతుందో ఛాతీ లోపల అలా అవుతుంది. ఆక్సిజన్ మరీ పడిపోకపోయినా ప్రాణం పోతున్నట్టు ఉంటుంది వాళ్లకి. దానికి తోడు మన చెన్నైలో గాలిలో తేమ ఎక్కువ, చెమట పట్టి కారిపోతుందే గానీ ఆరదు, ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. అందుకే లోపలి ఊళ్లలో 42 కంటే ఇక్కడ 38 ఎక్కువ బాధ పెడుతుంది కొందరిని. ఆస్తమా వాళ్లకైతే బాగా వేడిగా తేమగా ఉన్న గాలి పీల్చడమే ఊపిరి గొట్టాలు బిగుసుకునేలా చేస్తుందని పరీక్షించి మరీ చూశారు.

కాబట్టి ఏసీ ఆవిడకి మందే అనుకోండి. నేను పేషెంట్ల ఇళ్లల్లో వాళ్లకి ఇలాగే చెప్తాను, కరెంటు బిల్లు గురించి ఆలోచించేవాళ్లకి మరీ గట్టిగా చెప్తాను. అమ్మగారి భయంలో అబద్ధం లేదు, బాగా చల్లటి గాలి ఒక్కసారిగా తగిలితే గొట్టాలు బిగుసుకుంటాయి, దుమ్ము పట్టిన ఫిల్టర్ నుంచి వచ్చే గాలికి దగ్గూ వస్తుంది. తప్పు పద్ధతిలో వేసే ఏసీతోనే ఇబ్బంది. 18 పెట్టి దుప్పటి కప్పుకోవడం కాదు, 25, 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా తిప్పండి, గాలి నేరుగా ముఖానికీ ఛాతీకీ తగలకుండా మంచం జరపండి, ఫిల్టర్ రెండు వారాలకోసారి కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. డ్రై మోడ్ అని ఉంటుంది, ఉక్కపోత ఎక్కువున్న రాత్రి అది వేసినా హాయిగానే ఉంటుంది. పడుకోవడానికి అరగంట ముందే వేసి గది చల్లబడ్డాక ఆవిడని లోపలికి పిలవండి. బయటికి వెళ్లాలంటే పది పదిహేను నిమిషాలు ముందు ఆపేసి తలుపు తీసి వెళ్లమనండి.

కూలర్ మాత్రం వద్దు. హైదరాబాద్‌లో, కర్నూల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. ఇక్కడ ఉన్న తేమకి ఇంకా తేమ కలుపుతుంది, చల్లదనం రాదు, పైగా గడ్డి ప్యాడ్‌లకి, గోడలకి బూజు పడుతుంది, డస్ట్ మైట్లు (దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు) పెరుగుతాయి, ఆయాసం వాళ్లకి రెండూ పడవు.

నీళ్ల సంగతి. ఒంట్లో నీరు తగ్గితే గళ్ల చిక్కబడుతుంది, అమ్మగారు ఊడి రావట్లేదు అంటున్నది అందుకే కావచ్చు. కానీ లాసిక్స్ వాడుతున్నారు కాబట్టి రోజుకి ఎన్ని లీటర్లు అనేది నేను చెప్పను, ఎవరు చెప్పినా మీరు వినకూడదు, డాక్టర్‌నే అడగండి. అడిగేటప్పుడు ఇది కూడా అడగండి, ఎండాకాలంలో చెమట ఎక్కువ పోతున్నప్పుడు లాసిక్స్ డోస్ అలాగే ఉంచాలా అని. సొంతంగా మాత్ర ఆపడం, సగం చేయడం వద్దు. రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక బరువు చూసి రాసుకోండి, రెండు రోజుల్లోనే కిలోన్నర, రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతోందని అర్థం, తగ్గిపోతూ ఉండి నీరసంగా కళ్లు తిరుగుతుంటే నీరు చాలట్లేదని అర్థం. ఇది చేతిలో ఉంటే డాక్టర్‌కి కూడా సులువు.

ఆయాసం వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే నేర్పించండి. కుర్చీలో కూర్చుని మోచేతులు తొడల మీద ఆనించి ముందుకి వంగి, ముక్కుతో చిన్నగా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి దీపం ఆరకుండా ఊదినట్టు మెల్లగా వదలాలి, పీల్చిన దానికి రెండింతల టైం వదలడానికి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ ముఖానికి తగిలేలా పెట్టండి, ముఖం మీద గాలి తగిలితే ఆయాసం ఫీలింగ్ నిజంగానే తగ్గుతుంది. అదే గది బాగా వేడెక్కిపోయి ఉంటే ఫ్యాన్ ఒక్కటీ చాలదు, తడి తువ్వాలుతో మెడ, చేతులు, కాళ్లు తుడిచి ఫ్యాన్ పెట్టండి.

ఇక ఆగకుండా 108కి ఫోన్ చేయాల్సినవి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే, పెదాలు గోళ్లు నీలంగా మారితే, అస్థాలిన్ తీసుకున్నా తగ్గకపోతే, మత్తుగా ఉండి పిలిస్తే పలక్కపోయినా, ఏదేదో మాట్లాడుతున్నా. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ, ఒంటి మీద నీళ్లు చల్లుతూ గాలి విసురుతూ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

పెరంబూరు_బాబాయ్

అమ్మా పద్మా, సిస్టర్ గారు చెప్పాల్సినవన్నీ చెప్పారు, నేను పేషెంట్ వైపు నుంచి చెప్తాను. నాకు చిన్నప్పట్నుంచి ఉబ్బసం, ఐసీఎఫ్‌లో, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, చేసి రిటైరయ్యాను, ఈ ఊరి ఎండలన్నీ పిల్లికూతలతోనే గడిపినవాణ్ణి, 2003 మే 31న 45 డిగ్రీలు కొట్టిన రోజు కూడా ఇక్కడే ఉన్నా.

చెన్నై ఎండకి ఒక టైమ్‌టేబుల్ ఉంటుందమ్మా, అది పట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. మధ్యాహ్నం ఎప్పుడో సముద్రం గాలి లేస్తుంది, లేచిందంటే వేడి ఇక పెరగదు. మే నెలలో పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రం గాలి లోపలికి రావడానికి ఆలస్యమవుతుంది, చూడు ఆ రోజే మీనంబాక్కంలో, ఎయిర్‌పోర్ట్ వైపు, 41, 42 కొడుతుంది. ఆ రోజులు కిటికీలు మూసి పరదాలు వేసి ఇంట్లోనే ఉండాలి. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం సముద్రం గాలి వచ్చాక కిటికీలు తెరుచుకో, మధ్యలో మూసెయ్. తలుపులు బార్లా తీస్తే గాలి వస్తుంది అనుకుంటారు, మధ్యాహ్నం వచ్చేది వేడే.

వాకింగ్ విషయం అడగలేదు గానీ చెప్తున్నా, పొద్దున ఆరింటికి అయితే నడవనియ్, మానిపించకు, నడక మానేస్తే కాళ్లలో బలం పోయి ఆయాసం ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండకి బండ్ల పొగ తోడై ఓజోన్ తయారవుతుంది, ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత ఎక్కువ. అది కంటికి కనపడదు, ఛాతీలో మంటలా, గొంతులో గరగరలా తెలుస్తుంది. ఎన్95 మాస్క్ దుమ్ముని ఆపుతుంది గానీ ఓజోన్ గ్యాస్‌ని ఆపదు, కాబట్టి మాస్క్ పెట్టుకుని మధ్యాహ్నం టెర్రస్ ఎక్కుతా అంటే ఒప్పుకోవద్దు. సమీర్ అని కేంద్ర పొల్యూషన్ బోర్డు వాళ్ల యాప్ ఉంది, అందులో వేళచ్చేరి స్టేషన్ కూడా కనిపిస్తుంది, పొద్దున్నే ఒకసారి చూసుకో. మీకు పక్కనే పెరుంగుడి డంప్‌యార్డ్ కదా, 2022 ఏప్రిల్లో అది అంటుకుని రోజుల తరబడి పొగ వచ్చింది, ఎండాకాలంలో చెత్త కుప్పలకి నిప్పు తేలిగ్గా రాజుకుంటుంది, కాలిన వాసన వచ్చిన రోజు కిటికీలన్నీ మూసి ఏసీ రూమ్‌లో కూర్చోబెట్టు.

ఇన్హేలర్ దాచే పద్ధతి. స్ప్రే ఇన్హేలర్ ప్రెజర్ ఉన్న డబ్బా, 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని డబ్బా మీదే రాసి ఉంటుంది. మీ పై అంతస్తులో కిటికీ గట్టు మీద, టీవీ మీద, స్కూటీ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డులో అసలు వద్దు. ఎండలో పార్క్ చేసిన కారులో గంటలోనే యాభై దాటిపోతుంది. అలాగని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ వద్దు, బాగా చల్లబడిన డబ్బా నుంచి మందు సరిగ్గా రాదు. టియోవా గొట్టం మాత్రలు పెట్టి పీల్చేదైతే ఇంకో జాగ్రత్త, ఈ తేమకి లోపలి పొడి గడ్డకడుతుంది, వాడే నిమిషంలోనే ప్యాక్ నుంచి తీయాలి, ముందే తీసి మెషీన్‌లో పెట్టుకోకూడదు, బాత్రూమ్ షెల్ఫ్‌లో ఉంచకూడదు, మెషీన్ కడిగితే పూర్తిగా ఆరాకే వాడాలి.

ఆవకాయ గురించి ఖచ్చితంగా చెప్పాలి. మా ఇంట్లో ఆవపిండి, కారం కలిపే రోజు నేను మా తమ్ముడి ఇంటికి వెళ్లిపోతాను, ఆ పొడి గాలిలోకి లేచిందంటే ఆ పూటంతా ఊపిరి ఆడదు. అమ్మని కలపొద్దు అంటే మనసు కష్టపెట్టుకుంటుంది, ఎవరి చేతో కలిపించి కొలతలు ఆవిడ చేత చెప్పించుకో, ఆవపిండి, కారం షాపులోనే పట్టించుకో, ఇంట్లో మిక్సీ వేయకు. ముక్కలు తుడవడం, ఉప్పు కొలవడం, జాడీ సిద్ధం చేయడం ఇవి ఇవ్వు. నూనె పోసి తడిశాక పొడి లేవదు, అప్పుడు ఆవిడని పిలిచి రుచి చూడమను. వడియాలు కూడా అంతే, పొద్దున ఏడుకల్లా ఆవిడ పెట్టేసి రావాలి, మధ్యాహ్నం తిరగేసేది నువ్వో పిల్లలో.

దోమల చుట్టలు, అగరబత్తి, శుక్రవారం సాంబ్రాణి, ఎండాకాలం ఏసీ కోసం తలుపులు మూసి ఉన్న ఇంట్లో ఈ పొగలు ఎక్కడికీ పోవు. దీపం పెట్టుకోమను, ధూపం వద్దు. దోమతెర కట్టండి.

అంబత్తూర్_కిరణ్

పద్మ అక్కా, మా నాన్న హోమ్ ఆక్సిజన్ మీద ఉన్నారు, మీ అమ్మగారికి ఇంకా అవసరం రాలేదు, రాకూడదని కోరుకుంటున్నా, కానీ ఇది చదివే వేరేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. ఎండాకాలం అంటే మా ఇంట్లో కరెంటే పెద్ద టెన్షన్, సాయంత్రం అందరూ ఏసీలు వేసే టైమ్‌కి మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ పెరిగి కరెంటు పోతుంది, అర్ధరాత్రి కూడా పోతుంది.

గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే ఐదు లీటర్ల కాన్సంట్రేటర్ మెషీన్ సుమారు 300 నుంచి 350 వాట్లు లాగుతుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్‌కి ఉండే 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి కొత్తదైతే దాని మీద మూడు గంటలు లాగొచ్చు, పాతబడితే గంటన్నరకే చేతులెత్తేస్తుంది, అందుకే ఏప్రిల్ రాగానే ఒకసారి మెయిన్ ఆపి వాచ్ పట్టుకుని ఎంతసేపు వస్తుందో చూసుకోవాలి. అది నడిచేటప్పుడు ఫ్యాన్ ఒక్కటి తప్ప ఇన్వర్టర్ మీద ఇంకేం ఉండకూడదు. దానికి పైన ఒక బీ టైప్ సిలిండర్ నింపి ఉంచుకున్నాం, దాంట్లో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 2 లీటర్లైతే పన్నెండు గంటలు. దేవుడి దీపానికీ గ్యాస్ పొయ్యికీ దూరంగా, పడిపోకుండా గోడకి గొలుసుతో కట్టి.

ఇంకోటి, కాన్సంట్రేటర్ వేడి గాలి వదులుతుంది, చిన్న గదిలో తలుపులు మూసి నడిపితే ఆ గదే కొలిమి అవుతుంది, మెషీన్ కూడా వేడెక్కి అలారం కొడుతుంది, చాలా మెషీన్లకి 40 డిగ్రీల వరకే లిమిట్. మేము మెషీన్‌ని హాల్లో గోడకి అడుగు దూరంలో పెట్టి పొడుగు ట్యూబ్ బెడ్‌రూమ్‌లోకి లాగాం, ట్యూబ్ ఎంత పొడుగు వాడొచ్చో మెషీన్ ఇచ్చినవాళ్లని అడిగే వేసుకున్నాం. హ్యూమిడిఫయర్ (ఆక్సిజన్‌కి తేమ కలిపే) బాటిల్లో నీళ్లు రోజూ మార్చాలి.

అక్కా, ముఖ్యంగా ఇది. ఆయాసంగా ఉంది అనగానే ఆక్సిజన్ నాబ్ పెంచేయకూడదు. సీఓపీడీ వాళ్లలో కొంతమందికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి వెళ్లిపోతారు, అందుకే మా డాక్టర్ ఆక్సిమీటర్‌లో 88 నుంచి 92 మధ్య ఉంచమన్నారు, 98 చూసి సంతోషపడకూడదని నాకు అప్పుడే తెలిసింది. మీ అమ్మగారికి ఎంత ఉండాలో మీ డాక్టర్‌ని అంకెతో సహా అడిగి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

పై అంతస్తు కదా మీది, అసోసియేషన్‌ని అడిగి టెర్రస్ మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటో, కనీసం సున్నమో వేయించండి. పగలంతా తాగిన ఎండని స్లాబ్ రాత్రంతా కిందకి వదుల్తుంది, మీ అమ్మగారికి రాత్రి ఎక్కువ అవ్వడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. మేము వేయించాక తేడా చేతికే తెలిసింది, సీలింగ్ ముట్టుకుంటే ముందులా కాలట్లేదు.

గూడూరు_వాసు

అక్కయ్యా ఇన్ని తిప్పలెందుకు, మృగశిర కార్తె వస్తోందిగా, హైదరాబాద్ తీసుకెళ్లి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వాళ్ల చేప ప్రసాదం వేయించండి. మా పెదనాన్న వరసగా వేయించుకున్నాడు, మందుల జోలికి పోకుండా తిరుగుతున్నాడు. ఫ్రీగానే ఇస్తారు, చేపపిల్ల మాత్రం అక్కడే కొనుక్కోవాలి.

చిత్తూరు_సిస్టర్

వాసు తమ్ముడూ, మీ పెదనాన్నగారు బాగుండటం సంతోషమే, నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడను, మా చిత్తూరు నుంచీ బస్సులు వేసుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. కానీ పద్మగారి అమ్మకి ఉన్నది సీఓపీడీ, దెబ్బతిన్న గొట్టాలు ఏ ప్రసాదంతోనూ తిరిగి బాగుపడవు, ఉబ్బసానికైనా అది పనిచేస్తుందని పరీక్షల్లో తేలలేదు. 91, 92లో ఉన్న మనిషిని జూన్ మొదట్లో అంత జనంలో, ఆ ఎండలో గంటల తరబడి లైన్లో నిలబెట్టడం, ఆయాసంలో బతికున్న చేపని మింగించడం, నాకు ఈ రెండూ తల్చుకుంటేనే భయం. మీ పెదనాన్నగారు కూడా ఇన్హేలర్ పూర్తిగా మానేసి ఉంటే ఒకసారి స్పైరోమెట్రీ చేయించండి, ఉబ్బసం బయటికి నెమ్మదించినట్టు ఉండి ఒక్క రాత్రిలో తిరగబెడుతుంది, అలా వచ్చినవాళ్లని మేం చూస్తుంటాం. ప్రసాదం తీసుకున్నా సరే, ఇన్హేలర్ మాత్రం మాన్పించకండి, ఇది బతిమాలి చెప్తున్నా.

వేళచ్చేరి_పద్మ

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. సిస్టర్ గారు చెప్పినట్టే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాం. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీశారు, గుండె కుడివైపు కొంచెం ప్రెజర్ ఉంది, ఊపిరితిత్తుల జబ్బు వల్లే అది అన్నారు, లాసిక్స్ ఆయనే సరిచేసి రాశారు, నీళ్లు రోజుకి లీటరున్నర, మజ్జిగ, రసం అన్నీ అందులోనే లెక్క అన్నారు. ఇంట్లో ఒక లీటరున్నర కూజా పెట్టి ఏం తాగినా అంత నీళ్లు అందులోంచి తీసేస్తున్నాం, సాయంత్రానికి ఎంత మిగిలిందో అమ్మకే కనపడుతోంది. కొబ్బరి బోండాలు రోజూ తాగొచ్చా అని అడిగితే వాటిలో పొటాషియం ఎక్కువ, బ్లడ్ టెస్ట్ చూశాక చెప్తా అన్నారు.

అన్నిటికంటే పెద్ద విషయం, డాక్టర్ తన ఎదురుగానే అమ్మ చేత ఫోరాకార్ట్ తీయించి చూశారు. అమ్మ నోట్లో స్ప్రే నొక్కేసి ఊపిరి ముక్కుతో పీలుస్తోంది, మందంతా నాలుక మీదే ఉండిపోతోంది అన్నారు. స్పేసర్ (ఇన్హేలర్‌కి తగిలించి పీల్చే ప్లాస్టిక్ గొట్టం) ఇచ్చి నేర్పించారు, తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలని కూడా చెప్పారు. స్పేసర్‌తో మొదలుపెట్టాక అస్థాలిన్ అడగడం బాగా తగ్గింది.

ఏసీ 26లో పెట్టి వేస్తున్నాం, మొదటి రాత్రి మూతి ముడుచుకుని పడుకుంది గానీ తెల్లారేదాకా లేవలేదు, మరుసటి రోజు ఎనిమిదింటికే ఏసీ వెయ్యవే అంది. ఆవకాయ బాబాయ్ గారు చెప్పిన పద్ధతిలోనే, మా పనమ్మాయి కలిపింది, అమ్మ బెడ్‌రూమ్ తలుపు వెనక నుంచి కొలతలు అరుస్తూనే ఉంది. ఊరికి పంపడం జూలై వానలు పడ్డాక చూద్దామని అన్నయ్యకి చెప్పేశాను, అక్కడ చెస్ట్ డాక్టర్ కావాలంటే ఒంగోలు దాకా పోవాలి కదా.

రెండు చిన్న డౌట్లు మిగిలాయి. స్పేసర్ ఎలా కడగాలి? మందుని ఆవిరిలా చేసి మాస్క్‌తో పీల్పించే నెబులైజర్ ఒకటి కొనమని మా ఆడపడుచు అంటోంది, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడుస్తుందా, అసలు కొనాలా?

పెరంబూరు_బాబాయ్

స్పేసర్ వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు లిక్విడ్ వేసి ముంచి తీసి, నీడలో నిలబెట్టి ఆరనియ్ అమ్మా. గుడ్డతో లోపల తుడవకు, తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ పట్టి మందు గోడలకే అంటుకుంటుంది. ఎండలో ఆరబెట్టకు, పగుళ్లు వస్తాయి.

చిత్తూరు_సిస్టర్

పద్మగారూ వినడానికి చాలా సంతోషంగా ఉంది. నెబులైజర్ ఇన్వర్టర్ మీద నడుస్తుంది, కాన్సంట్రేటర్ కంటే తక్కువే లాగుతుంది, కానీ తొందరపడి కొనకండి. స్పేసర్ సరిగ్గా వాడితే ఆయాసం వచ్చినప్పుడు అస్థాలిన్ నెబులైజర్‌తో ఇచ్చినంతగానే పనిచేస్తుంది, దీనికి కరెంటు అక్కర్లేదు, పర్సులో పడుతుంది. ఒక్కో పఫ్ విడిగా కొట్టి, ఒక్కోదానికి నాలుగైదు మామూలు ఊపిరులు తీయించాలి, రెండు మూడు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేయకూడదు. గట్టిగా ఆయాసం వచ్చినప్పుడు ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికోసారి, ఆక్సిజన్ ఏ అంకె కిందకి పడితే ఆస్పత్రికి రావాలి, ఇవి డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. ఊపిరి లాగే ఓపిక కూడా లేనంత నీరసంగా ఉండేవాళ్లకి నెబులైజర్ పనికొస్తుంది, మీ అమ్మగారికి ఆ అవసరం ఉందని డాక్టర్ అంటే అప్పుడు తీసుకోండి, తీసుకుంటే మాస్క్, కప్పు ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి, ఈ ఉక్కకి తడిగా వదిలేస్తే ఒక్క రోజులో వాసన వస్తుంది.

వచ్చేసారి వెళ్లినప్పుడు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించారా లేదా అని కూడా అడగండి. ఈ ఎండలయ్యాక అక్టోబర్‌లో వానలు మొదలవుతాయి కదా, ఆ లోపు అయిపోతే మంచిది.